ఇంటిపేరు, ఊరు, జనాభా లెక్క: కడప జిల్లా వంశకథనాల ఆధార విమర్శ

ఉపోద్ఘాతం

తెలుగులో వంశచరిత్ర రచనకు దీర్ఘమైన సంప్రదాయం ఉంది. శాసనాల్లో దాతల వంశక్రమం, ప్రబంధావతారికల్లో కృతిపతుల వంశవర్ణన, కైఫీయతుల్లో కరణాల మిరాసీ వృత్తాంతం, నేటి కుటుంబాలు అచ్చువేయించుకుంటున్న వంశవృక్షాలు ఆ సంప్రదాయంలోని వివిధ దశలు. తాళ్లపాక చినతిరువేంగళనాథుడు తన తాతగారిని గురించి రచించిన అన్నమాచార్య చరిత్రము కూడా ఒక విధంగా కుటుంబచరిత్రే. అక్కడ ఇంటిపేరు, ఊరు, కర్త ముగ్గురూ ఒకరికొకరు సాక్ష్యంగా నిలిచారు. అలాంటి సాక్ష్యం అన్ని కుటుంబాలకూ దొరకదు. అది లేనిచోట జనాభా లెక్కలను ప్రమాణంగా తీసుకోవాలన్న ఆశ సహజంగా కలుగుతుంది. ఆ ఆశ ఎంతవరకు చెల్లుతుందో కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలను ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లు లేని లెక్క

బ్రిటన్‌లో 1841 నుంచి జనగణన పత్రాల్లో ప్రతి వ్యక్తి పేరూ నమోదైంది. నూరేళ్లు నిండిన తరువాత ఆ పత్రాలను ప్రజలకు అందుబాటులో ఉంచుతారు. 1921 నాటి పత్రాలు 2022లో వెలువడ్డాయి. అమెరికాలో ఈ గడువు 72 ఏళ్లు. అక్కడి వంశచరిత్రకారులు ఒక ఇంట్లో ఎవరెవరున్నారో, వారి వయస్సెంతో, ఎక్కడ పుట్టారో ఆ పత్రాల నుంచి నేరుగా తెలుసుకోగలరు.

మన స్థితి వేరు. మద్రాసు రాజధానిలో 1871లో కార్నిష్, 1881లో మెక్‌ఐవర్, 1891లో స్టూవర్ట్, 1901లో ఫ్రాన్సిస్ పర్యవేక్షణలో లెక్కలు జరిగాయి. గణకులు ఇంటింటికీ వెళ్లి పేర్లు రాసుకున్నప్పటికీ పట్టికలు తయారైన తరువాత ఆ పత్రాలను భద్రపరచలేదు. మిగిలినవి నివేదికలు, పట్టికలు మాత్రమే. స్వాతంత్ర్యానంతరం 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను వ్యక్తిగత వివరాల పరిశీలనను నిషేధించింది, వాటిని న్యాయస్థానంలో సాక్ష్యంగా స్వీకరించడాన్ని కూడా పరిమితం చేసింది. కాబట్టి "జనాభా లెక్కల ప్రకారం మా ముత్తాత ఫలానా ఊరివాడు" అనే వాక్యం మన దేశంలో నిలవదు. జనాభా లెక్క ఊరిని, సంఖ్యను, కాలాన్ని, హద్దును చెబుతుంది. మనిషి పేరును చెప్పదు. ఈ పరిమితిని అంగీకరించిన తరువాతనే దాని నిజమైన ఉపయోగం మొదలవుతుంది.

ఇంటిపేరులోని ఊరు ఏది?

ఊరిపేరు ఇంటిపేరు కావడం తెలుగునాట సర్వసాధారణం. ఒక వంశం ఆ ఊరిని విడిచి మరొకచోట స్థిరపడిన తరువాతనే సాధారణంగా ఆ పేరు వాడుకలోకి వస్తుంది. ఊళ్లో ఉన్నవారిని ఆ ఊరిపేరుతో పిలవాల్సిన అవసరం ఉండదు. అంటే ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరు చాలావరకు ఒక వలసకు గుర్తు. అయితే ఏ ఊరి నుంచి?

సంస్కృతాంధ్ర పండితులు జమ్మలమడక మాధవరామశర్మగారి ద్వారా సాహిత్యలోకానికి పరిచితమైన జమ్మలమడక ఇంటిపేరును తీసుకుందాం. ధ్వని సామ్యాన్ని బట్టి ఈ ఇంటిపేరు గలవారు పెన్నా తీరంలోని జమ్మలమడుగు నుంచి వచ్చారని ఊహించడం తేలిక. కాని జనాభా లెక్కల గ్రామసూచికలను తిరగేస్తే పల్నాడులో మాచర్ల ప్రాంతాన జమ్మలమడక అనే గ్రామం కనిపిస్తుంది. ఇంటిపేరులో ఉన్న రూపం యథాతథంగా ఆ గ్రామానిదే. అందువల్ల కోస్తా ప్రాంతంలో ఈ ఇంటిపేరు గల కుటుంబం తన మూలాన్ని కడప జిల్లాలో వెతకడానికి ముందు పల్నాడు గ్రామాన్ని తోసిపుచ్చగల ఆధారం చూపాలి. గ్రామసూచిక ఆ కుటుంబం పల్నాటిదని నిరూపించదు. జమ్మలమడుగు ఒక్కటే సమాధానమన్న నమ్మకాన్ని మాత్రం తొలగిస్తుంది.

ప్రొద్దుటూరి అనే ఇంటిపేరు విషయమూ ఇంతే. కడప జిల్లా ప్రొద్దుటూరు పెద్ద పట్టణం గనుక మనసు ముందుగా దాని మీదికి పోతుంది. తెలంగాణలో శంకరపల్లి సమీపంలోనూ ప్రొద్దుటూరు ఉంది. ఊరు పెద్దదైనంత మాత్రాన ఇంటిపేరుకు మూలం కానక్కరలేదు. వలస వచ్చిన కాలానికి ఏ ఊరు ఎంత పెద్దదో ఆనాటి పట్టికల్లో చూడాలే తప్ప నేటి ప్రసిద్ధిని గతానికి అంటగట్టకూడదు.

కడప జిల్లా ఊళ్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన డాక్టరేట్ పరిశోధన ఈ విషయంలో విలువైన పునాది. ఊరిపేర్ల నిర్మాణాన్ని అర్థం చేసుకోకుండా వాటి నుంచి పుట్టిన ఇంటిపేర్లను విశ్లేషించలేం. ఆ పునాది మీద ఇంటిపేర్ల భౌగోళిక పటం నిర్మించవలసిన పని తెలుగు శాఖల ముందుంది.

ఇక్కడ ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం గురించి ఒక హెచ్చరిక అవసరం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నేతవారిలో ముఖ్యులైన తొగటల వంటి కులాల గురించి రాసేటప్పుడు థర్‌స్టన్ జనగణన నివేదికల మీద ఎంతో ఆధారపడ్డాడు. ఆయన ఇచ్చిన ఇంటిపేర్ల జాబితాలో తమ పేరు కనిపించగానే దానిని కులమూలానికి నిదర్శనంగా తీసుకునేవారు ఉంటారు. ఊరి నుంచి పుట్టిన ఇంటిపేరు ఆ ఊరు విడిచిన ఏ కులంవారికైనా రావచ్చు. ఒకే ఇంటిపేరు పలు కులాల్లో కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. దానిని రక్తబంధంగా చదవడం పొరపాటు.

ధాత కరువు, వలస కథ

రాయలసీమ కుటుంబాలు తమ వలసకు చెప్పుకునే కారణాల్లో ధాత నామ సంవత్సరపు కరువు ప్రధానమైనది. 1876-78 నాటి ఆ కరువు తీవ్రతను లెక్కలే చెబుతాయి. 1871లో సుమారు 13.51 లక్షలుగా ఉన్న కడప జిల్లా జనాభా 1881 నాటికి సుమారు 11.21 లక్షలకు పడిపోయింది. పదేళ్లలో దాదాపు 17 శాతం తరుగు. 1891 నాటికి జనాభా తిరిగి 12.72 లక్షలకు చేరింది.

ఈ అంకెలు వలస కథకు నేపథ్యాన్ని ఇస్తాయి. 17 శాతం తరుగులో చనిపోయినవారు, వెళ్లిపోయినవారు, పుట్టవలసి ఉండి పుట్టనివారు కలిసి ఉన్నారు. కాబట్టి ఒక కుటుంబం ఆ కాలంలో కదిలిందనడానికి జిల్లా మొత్తం సంఖ్య సాక్ష్యం కాదు. అయినా కథను పరీక్షించే మార్గం ఉంది. పులివెందుల తాలూకా నుంచి జమ్మలమడుగు తాలూకాలోని ఒక గ్రామానికి ధాత కరువులో వచ్చామని ఒక కుటుంబం చెప్పుకుంటోందనుకుందాం. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఆ గ్రామంలో తయారుచేసిన రిజిస్టరులో ఆ వంశపు పూర్వికుడు అప్పటికే అనుభవదారుగా కనిపిస్తే కరువు కథ వీగిపోతుంది. కథ అబద్ధమని దీని అర్థం కాదు. అంతకుముందెప్పుడో జరిగిన వలస జనం మరచిపోలేని పెద్ద కరువు కిందికి జారి చేరి ఉంటుంది. మౌఖిక స్మృతి తేదీలను తెలిసిన ఉపద్రవాల చుట్టూ కూర్చుకుంటుంది.

మారిన హద్దులు

జిల్లా హద్దులు స్థిరమైనవి కావు. పులివెందులకు పొరుగున ఉన్న కదిరి తాలూకా 1910లో అనంతపురం జిల్లాలో కలిసింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి అటు వెళ్లాయి. 1901 నాటి కడప, 1911 నాటి కడప ఒకటి కావు. పాత పత్రంలో "కడప జిల్లా" అని ఉన్నంత మాత్రాన నేటి కడప జిల్లాలోనే ఊరిని వెతికితే కదిరి వైపు ఊరు ఎన్నటికీ దొరకదు. తాలూకావారీ పట్టికల్లో ఈ మార్పులను సరిచూసుకోవడం వంశచరిత్రకారుని తొలి బాధ్యత.

పేర్లున్న పత్రాలు, పేర్లు లేని మనుషులు

పేర్లు కావాలంటే వేరే పత్రాలను ఆశ్రయించాలి. మెకంజీ సహాయకులు సేకరించిన కైఫీయతులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. వాటితో పాటు ఇనాం రిజిస్టర్లు, రీసెటిల్‌మెంటు రిజిస్టర్లు ఉన్నాయి. ఇవి ఎంత విలువైనవో అంత పక్షపాతమున్నవి. కైఫీయతు ప్రధానంగా కరణం నోటి మాట. ఇనాం రిజిస్టరు ఇనాందారును, రీసెటిల్‌మెంటు రిజిస్టరు పట్టాదారును చూస్తాయి. భూమిలేని కూలీ, మగ్గం తప్ప మరే ఆస్తీ లేని నేతగాడు, ఊరి చివర నివసించిన దళితుడు వీటిలో అరుదుగా కనిపిస్తారు. వారిని లెక్కలోకి తీసుకున్నది జనగణన. కాని వారి పేరు చెప్పలేదు. పేరు చెప్పిన పత్రం వారిని చూడలేదు, చూసిన పత్రం పేరు చెప్పలేదు.

దీనికి ఒక విచిత్రమైన మినహాయింపు సముద్రం దాటిన కూలీలది. 1860లో ట్రూరో నౌకతో మొదలై 1911 వరకు మద్రాసు నుంచి నటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీల నౌకా పట్టికల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు నమోదయ్యాయి. మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ అక్కడికి చేరినవారి రిజిస్టర్లను భద్రపరిచింది. సొంత ఊళ్లో ఏ రిజిస్టరుకూ ఎక్కని మనిషి పరాయి దేశపు రిజిస్టరులో పేరుతో, తండ్రి పేరుతో నిలిచాడు.

అయితే ఆ పట్టికల్లో సాధారణంగా ఇంటిపేరు లేదు. అక్కడి వారసులకు ఊరు తెలుసు, ఇంటిపేరు తెలియదు. ఇక్కడి బంధువులకు ఇంటిపేరు తెలుసు, వెళ్లిపోయినవాని పేరు తెలియదు. ఈ రెండింటినీ కలిపే వంతెన గ్రామసూచికే. ఆంగ్ల గుమాస్తా రాతలో హ్రస్వ దీర్ఘాలూ ద్విత్వాలూ నిలవవు. ఒకే ఆంగ్ల వర్ణక్రమాన్ని కొత్తపల్లెగానూ కోటపల్లెగానూ చదవవచ్చు. తాలూకా పేరుతో సరిపోల్చి అందులో ఏ పల్లె ఉందో గ్రామసూచికలో చూసినప్పుడే ఆ సందిగ్ధం తగ్గుతుంది. భాషాజ్ఞానం లేని వంశాన్వేషకునికి ఈ మెట్టు దాటడం కష్టం. తెలుగు పరిశోధకుని అవసరం సరిగ్గా ఇక్కడే ఉంది.

ముగింపు

జనాభా లెక్కలు వంశకథకు సాక్షులు కావు, పరీక్షకులు. అవి ఒకే పేరున్న ఊళ్లను చూపి తొందరపాటు నిర్ణయాన్ని ఆపుతాయి. మారిన హద్దులను గుర్తుచేస్తాయి. ఒక కాలంలో వలస సాధ్యమా కాదా అని అడుగుతాయి. వంశకథను నిలబెట్టే పని మాత్రం పేర్లున్న పత్రాలది, మౌఖిక స్మృతిది. ఇనాం రిజిస్టర్లు, రీసెటిల్‌మెంటు రిజిస్టర్లు, గ్రామసూచికలు, నౌకా పట్టికలను తాలూకావారీగా పక్కపక్కన పెట్టి చదవగలిగితే కరణాల, రెడ్ల కుటుంబాలతో పాటు కూలీల, నేతగాళ్ల కుటుంబాలకు కూడా చరిత్ర రాయడం సాధ్యమవుతుంది. పై మూడు తాలూకాల నుంచి ఆ పని మొదలుపెట్టడానికి కావలసిన కైఫీయతులు, ఊరిపేర్ల పరిశోధన ఇప్పటికే మన చేతిలో ఉన్నాయి.