గీత ఎప్పుడు గీయాలి?

అమెజాన్ ఎస్3 సాధారణ బకెట్‌లో ఒకసారి పెట్టిన ఫైలు చివర ఇంకో వరుస చేర్చడం కుదరదు. పేరు మార్చాలన్నా కాపీ తీసి పాతది చెరిపేయాలి. 2006లో మొదలైన ఈ ఆబ్జెక్ట్ స్టోరేజి 2022 నవంబరు నుంచి హైదరాబాదు కేంద్రంలోనూ నడుస్తోంది. ఎడతెగకుండా వచ్చే డేటాను ఇందులో దాచేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల్లో చాలావరకు ఈ స్వభావం నుంచే పుడతాయి.

ఉదాహరణకు ఆకివీడు వైపు రొయ్యల చెరువునే తీసుకోవచ్చు. పగలు ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టన్ కూడా రాత్రి దాన్ని పీల్చుకునేదే. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) తెల్లవారుజామున బాగా పడిపోతుంది, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరిగి తీరాల్సిన వేళ అదే. గట్టు మీది సెన్సర్ నిమిషానికో రీడింగు పంపితే చెరువుకు రోజుకు 1,440. రీడింగుకో ఫైలు పెడితే వంద చెరువులకు 1,44,000 చిన్న ఫైళ్లు. ఖర్చూ పెరుగుతుంది, చదవడమూ నెమ్మదిస్తుంది. అందుకని రీడింగులను ముందు కాఫ్కా అనే మెసేజి క్యూలోకి చేర్చి, అక్కడి నుంచి బ్యాచ్‌లుగా స్టోరేజికి పంపుతారు.

ఇలా పంపే ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయినప్పుడే చిక్కు. ఎంతవరకు చదివిందీ చెప్పే ఆఫ్‌సెట్ ముందే నమోదైపోతే, ఇంకా స్టోరేజికి చేరని రీడింగులు పోయినట్టే. పట్టుబడి రోజు కాటా దగ్గర గుమాస్తా, ట్రే లారీ ఎక్కాకే పుస్తకంలో గీత గీస్తాడు. ఇక్కడా ఫైలు అందిందని స్టోరేజి జవాబిచ్చాకే ఆఫ్‌సెట్ నమోదు చేయాలి.

ఆ జవాబుకూ నమోదుకూ మధ్య ప్రోగ్రామ్ ఆగితే అదే బ్యాచ్ రెండోసారి వస్తుంది. ఫైలు పేరులో రాసిన సమయం పెడితే రెండు ఫైళ్లవుతాయి. కాఫ్కా క్యూలోని విభాగం, అంటే పార్టిషన్ నంబరు, బ్యాచ్ మొదటి ఆఫ్‌సెట్ పెడితే రెండోది మొదటిదాని మీదే పడుతుంది, లెక్క చెడదు. అయితే బ్యాచ్ హద్దులను గడియారానికి వదలకూడదు. బ్యాచ్‌కు 300 ఆఫ్‌సెట్లని ఖాయం చేస్తే, 81,000తో మొదలైనది ఎన్నిసార్లు కట్టినా 81,299తోనే ముగుస్తుంది.

పెద్ద ఫైలును మల్టీపార్ట్ అప్‌లోడ్‌లో ముక్కలుగా పంపుతారు. చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ ఉండాలి. పూర్తయిందన్న ఆదేశం అందేదాకా ఆ ఫైలు చదివేవారికి కనపడదు. డేటా ప్రవాహాలను నడిపే అపాచీ ఫ్లింక్, తన స్థితిని దాచుకునే చెక్‌పాయింట్ ముగిశాకే ఆ ఆదేశం ఇస్తుంది. సగంలో వదిలేసిన ముక్కలకు మాత్రం అద్దె పడుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు వాటిని తుడిచేసేలా బకెట్‌కు లైఫ్‌సైకిల్ నియమం పెట్టాలి.

చివరి జాగ్రత్త తేదీ విషయంలో. రాత్రి 11:55కు కొలిచిన రీడింగు సిగ్నల్ లేక మర్నాడు చేరితే, దాన్ని కొలిచిన తేదీ ఫోల్డర్‌లోనే వేయాలి. చేరిన తేదీ కింద వేస్తే, డీఓ ఏ రాత్రి పడిందో తర్వాత వెతికేవారికి దొరకదు.