చీకటి చదివే ముక్కు

మేం దీపం ఆర్పే వేళకు తెల్లవారే ప్రాణమా, బంగారు హామ్‌స్టరూ, నీకు దండం!

1930లో అలెప్పో దగ్గర పొలం తవ్వించి, జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోని పట్టుకెళ్లిన పిల్లల సంతతివి నువ్వు. చేను పోయింది, చువ్వలు వచ్చాయి. తవ్వాలన్న తపన మాత్రం నీ కాళ్లను వదల్లేదు.

నల్లపూసల్లాంటి నీ కళ్లు చెరో పక్క నుంచి కాపలా కాస్తాయి. కాస్త దూరం పోతే వాటికి అంతా మసకే. లోతు సరిగా అందదు. బల్ల అంచు దాటి గాల్లోకి అడుగేస్తావు. అయినా నీకేం లోటు? పుట్టిన రెండు వారాలకు గానీ కళ్లు తెరవవు; ఆలోగానే నీ ముక్కుకు అమ్మ తెలుసు, గూడు తెలుసు.

అరచేయి చాపితే ముందు ముక్కు అదురుతుంది. మీసాలు ముందుకూ వెనక్కూ చకచకా ఊగుతూ వేలి గీతల్ని తడుముతాయి. పొద్దుతిరుగుడు గింజను రెండు చేతులా తిప్పి, కొస చూసి, బుగ్గ సంచిలోకి తోసేస్తావు. నడుము పక్కల గ్రంథులను గోడకు రాసి, ఇది నా చోటని వాసనతో చాటుతావు.

మా చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తుంది. నీకు 40 వేలు దాటినా వినిపిస్తుంది. మేం నిశ్శబ్దమనుకునే గదిలో నీకెంత సందడో!

జెనీవాలో అరియాన్ ఎటియెన్ బృందం నిన్ను చీకట్లో పరీక్షించింది. గింజల కోసం గూడు విడిచి వెళ్లి, బుగ్గలు నింపుకుని, నేరుగా ఇంటి దిక్కు పట్టావు. నడిచిన దూరం, తిరిగిన మలుపు, అన్నిటి లెక్కా నీ ఒంట్లోనే ఉంది. దారి కనబడకపోయినా ఇల్లు తప్పని నీకు మరో దండం!

పైనుంచి హఠాత్తుగా దిగే చేయి నీకు డేగ. పండు కోసిన వేలు నీకు పండే, కొరికి చూస్తావు. పంజరం తళతళలాడేలా కడిగి, అడుగున పరిచిన పొట్టునంతా మార్చేస్తే మాకది శుభ్రత. నీకది ఇల్లు దోపిడీ అయిన పూట.

కనుక ముందు మెల్లగా పలకరించి, అరచేయి వాసన చూపించి, పాత పొట్టు గుప్పెడు మిగిల్చి నిన్ను సాకేవారికి నీ నమ్మకం దక్కుగాక! నీ పంటి గాటు దక్కకుండుగాక!