డైరీ రాయని సాక్షులు

ఇటీవల మా బుచ్చిరెడ్డిపాలెంలో జరిగిన సాహిత్య గోష్ఠిలో ఒక ఎం.ఏ. విద్యార్థి వేసిన ప్రశ్న నన్నింకా వదలడం లేదు. "ఆన్ ఫ్రాంక్ ఏ రోజుది ఆ రోజు రాసింది. అది సాక్ష్యం. తెలంగాణా పోరాట స్త్రీలు ముప్ఫై ఏళ్ల తర్వాత టేప్‌రికార్డరు ముందు చెప్పింది కథ. రెంటినీ ఒకే గాట ఎలా కడతారు మాస్టారూ?" అన్నాడు. సభలోని పెద్దలు కూడా తలలూపారు. కాగితం మీద మనకున్న భక్తి అలాంటిది. అక్షరం ఏ వర్గం చేతిలో ఉందని నిత్యం ప్రశ్నించే అభ్యుదయవాదులం, ఇక్కడికొచ్చేసరికి రాతకే పట్టం కడుతున్నాం.

ముందు ఆ డైరీ సంగతే చూద్దాం. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకు, ఆ పిల్ల చేతికి డైరీ వచ్చింది. జులై 6న ఆ కుటుంబం ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఒక కార్యాలయం వెనుక భాగంలో తలదాచుకుంది. 1944 మార్చి 28న ప్రవాస డచ్చి ప్రభుత్వ మంత్రి బోల్కెస్టయిన్ లండన్ రేడియోలో, యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ భద్రపరచమని ప్రజలను కోరాడు. అది విన్న ఆన్, అచ్చుకు పనికొచ్చేలా మే నెల నుంచి విడి కాగితాల మీద తన డైరీని తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని పెంచింది. 1942 డిసెంబరు నుంచి దాదాపు ఏడాది కాలానికి మొదటి రాత దొరకనే లేదు. మనకు మిగిలింది 1944లో తిరగరాసిన పాఠమే. ఆ తర్వాత తండ్రి ఓటో ఫ్రాంక్ రెండు పాఠాలనూ కలిపి, కొంత వదిలేసి, 1947లో అచ్చు వేయించాడు. కనుక "ఏ రోజుది ఆ రోజు" అన్నమాట పూర్తిగా నిలవదు. ఒక ఏడాది మేరకు అది కూడా జ్ఞాపకమే.

ఇది చెబితే నాజీల వకాల్తాదార్లకు ఊతమిచ్చినట్టవుతుందని కొందరి భయం. ఆ డైరీ దొంగరాత అని వాళ్లు ప్రచారం చేసిన మాట నిజమే. దానికి నెదర్లాండ్స్ యుద్ధ పత్రాల సంస్థ ఏం చేసింది? కాగితాన్నీ సిరానూ దస్తూరినీ పరీక్ష చేయించి, 1986లో ఆ పాఠాలన్నిటినీ పక్కపక్కనే అచ్చు వేసింది. తిరగరాసిన సంగతిని దాచలేదు. విప్పి చూపడమే అబద్ధానికి జవాబయింది.

చివరి రాత 1944 ఆగస్టు 1న. 4న పట్టుబడ్డారు. 1945 తొలి నెలల్లో బెర్గెన్ బెల్సెన్ శిబిరంలో ఆమె చనిపోయింది. చావు శిబిరాల్లో ఆమె అనుభవించింది ఆ డైరీలో ఒక్క ముక్క లేదు, ఉండే వీలూ లేదు. లోపలి సంగతి కావాలంటే ప్రీమో లెవీ వంటి బతికి బయటపడినవారి జ్ఞాపకాన్నే ఆశ్రయించాలి. డైరీ విలువ వేరొక చోట ఉంది. రాస్తున్న మనిషికి ముగింపు తెలియదు. మళ్లీ బడికి పోతాననుకుంటూ చదువుకుంటుంది. ఆ తెలియనితనాన్ని ఏ ఆత్మకథా తిరిగి తేలేదు.

ఇక తెలంగాణాకు వద్దాం. దళంలో ఉన్న మనిషి సంచిలో డైరీ ఉండడమంటే, దొరికిన రోజున పేర్లన్నీ పోలీసుకు అప్పగించడమే. అసలు చాకలి ఐలమ్మ చేతికి కలం ఇచ్చినవాళ్లెవరు? డైరీ లేకపోవడం సాక్ష్యంలోని లోపం కాదు, ఆనాటి స్థితికి అదే ఒక సాక్ష్యం.

మా జిల్లా అలగానిపాడు బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణా పోరాట గ్రంథం 4,000 మంది అమరుల లెక్క చెబుతుంది. అది లేకుండా ఈ విషయంలో అడుగు వేయలేం. కాని 1951 అక్టోబరులో పోరాటం విరమించాక, ఇళ్లకు పొమ్మన్నప్పుడు ఒక స్త్రీకి పోవడానికి ఏ ఇల్లు మిగిలిందో ఏ పార్టీ తీర్మానంలో వెతుకుతాం? 1986లోనే, అంటే ఆ డచ్చి పాఠాలు వచ్చిన ఏడే, స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వెతకాలి. అది మనవాళ్లు కొందరికి రుచించలేదంటే, అందులోని తేదీల తప్పుల వల్ల మాత్రమే కాదని నా అనుమానం.

అలాగని చెప్పిందల్లా వేదం కాదు. జ్ఞాపకంలో తేదీలు జారతాయి, పేర్లు తారుమారవుతాయి, ఒకరి సాహసం మరొకరి ఖాతాలో పడుతుంది. మల్లు స్వరాజ్యం 1986 నాటి ఆ పుస్తకంలో మాట్లాడింది. 2019లో 'నా మాటే తుపాకీ తూటా'లో మళ్లీ మాట్లాడింది. రెండుసార్లు తుంగతుర్తి శాసనసభ్యురాలై, జీవితమంతా సభల్లో ప్రసంగించిన మనిషి మాటను ఆ వేదికలు సానపట్టి ఉండవా? తొంభై దాటాక 'నిర్జన వారధి' తెచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మ గొంతుకు ఆ సాన లేదు. నాకు ఆమె మీద నమ్మకం ఎక్కువ; అయితే అది నా అభిరుచి, రుజువు కాదు.

కాగితమే సాక్ష్యమనేవారికి ఒక కాగితం చూపిస్తాను. పోలీసు చర్య తర్వాత, 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో పండిట్ సుందర్‌లాల్ బృందం హైదరాబాదు సంస్థానం తిరిగి, 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా రాసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లిములు అందరికన్నా ఎక్కువ నష్టపోయారని చెప్పింది. నెత్తురు ఆరకముందే రాసిన కాగితం అది. ప్రభుత్వం దాన్ని అటకెక్కించింది. పూర్తి పాఠం చదువరుల చేతికి వచ్చేసరికి 2013 అయింది. అరవై ఐదేళ్లు ఆ కాగితం నోరు మెదపలేదు. ఈ లోగా ఎంతో కొంత మాట్లాడింది మనుషులే.

ఆ విద్యార్థి ఇప్పుడు పరిశోధనకు విషయం వెతుక్కుంటున్నాడట. స్వరాజ్యం కథనాలు రెంటినీ డచ్చివాళ్లలాగా పక్కపక్కన పెట్టి, మాట ఎక్కడ మారిందో గుర్తించమన్నాను. మారిన చోటల్లా తప్పని రాసేయొద్దని కూడా అన్నాను. మొదటిదానికి సరేనన్నాడు, రెండోదానికి ఇంకా ఒప్పుకోలేదు.