పేరు సమ్మక్కది, బెంచీ ఎవరిది?

ములుగు దగ్గర జాకారంలో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2024లో మొదలైంది. సొంత భవనం లేక యువజన శిక్షణ కేంద్రంలోనే తరగతులు పెట్టారు. మంచిచెడ్డలు చూసే పని మొదట్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి అప్పగించారు. 2014 విభజన చట్టంలో రాసిన మాటకు పార్లమెంటు ఆమోదం 2023 డిసెంబరులో గానీ రాలేదు. భవనాలు ఎప్పటికైనా లేస్తాయి. నా పేచీ వాటితో కాదు.

బోర్డు మీద 'గిరిజన' అని ఉంది. సీట్ల సంగతి చూద్దాం. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 2006 నాటి చట్టం ఇచ్చింది 7.5 శాతం. ఆ లెక్కన నలభై మంది తరగతిలో మనవాళ్లకు మూడు సీట్లు. ఢిల్లీ యూనివర్సిటీలోనూ అంతే కదా! అలాంటప్పుడు సమ్మక్క పేరు పెట్టి ములుగు దాకా రావడం దేనికి? మిగతా పిల్లలు రాకూడదని నేననను. మేడారం జాతరకు అందరూ వస్తారు, కానీ గద్దె దగ్గర పూజ కోయ వడ్డెలదే.

ఆ మూడు సీట్లకైనా దారి సియుఇటి పరీక్ష. అది కంప్యూటర్ మీద రాయాలి. తెలుగులో రాసే వీలుందన్న సంగతే చాలామంది పిల్లలకు తెలియదు. 2024లో, 2025లో దరఖాస్తుల సమయం ఇంటర్ పరీక్షల రోజులతో కలిసి వచ్చింది. ఆశ్రమ పాఠశాలల, గురుకులాల అయ్యవార్లు ముందుగానే కుల ధ్రువపత్రం, ఫొటో, ఆధార్ సిద్ధం చేయించి దగ్గర కూర్చుని ఫారం నింపించకపోతే ఏజెన్సీ పిల్లవాడు ఆ గుమ్మం దాకా కూడా రాలేడు.

ఇక చదువు. మొదట తెరిచిన కోర్సులు రెండు: ఇంగ్లీషు, అర్థశాస్త్రం. రెండూ మనకు కావాలి, కాదనను. కానీ గిరిజన కళలు, సంస్కృతి, ఆచారాల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని ఈ విశ్వవిద్యాలయాన్ని పుట్టించిన చట్టమే చెబుతోంది. కోయ భాష లేకుండా ఆ శ్రద్ధ ఏ భాషలో చూపిస్తారు?

సమ్మక్క సారలమ్మల కథను డోలి కొట్టి, పడిగె చూపి కోయలో పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2024 జూన్‌లో, జాకారం తలుపులు తెరిచిన ఏడాదే, పోయారు. వంశాల పుట్టుక, గట్ల పేర్లు, ఇలవేల్పుల వరస అన్నీ గొంతులో మోసిన మనిషి ఆయన. ఇలాంటివారికి పీహెచ్‌డీ ఉండదు, అధ్యాపకుల పట్టికలోకి వచ్చేది అరుదు. వాళ్ల పాట మీద థీసిస్ రాసినవారు మాత్రం వస్తారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ, పడిగె ముందు ఒక్క రాత్రి కూర్చున్నవారు మాత్రం పెట్టి ఉండరు.

డోలి పట్టేవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు, వయసు మీదపడింది. వచ్చే జాతర లోపల వాళ్లలో ఒక్కరినైనా జీతమిచ్చి జాకారం పిలిపించమని మనం కాగితం మీద రాసి అడగాలి.