ముసా జలీల్ ‘మోఆబిట్ నోటుపుస్తకాలు’: ఖైదీ కవిత్వం – విమర్శ

ఉద్దేశం

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కవి జీవితాన్ని, కవిత్వాన్ని ఎంతవరకు కలిపి చదవాలో, ఎక్కడ విడదీసి చూడాలో వివరించగలుగుతారు.

కవి జీవితం

ముసా జలీల్ తాతార్ భాషాకవి. రష్యాలోని ఒరెన్‌బర్గ్ ప్రాంతంలో, ముస్తఫినో గ్రామంలో 1906లో జన్మించాడు. మాస్కో విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివాడు. 1941లో జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడి చేసిన తరవాత సైన్యంలో చేరి, వోల్ఖోవ్ రంగంలో సైనిక పత్రికకు పనిచేశాడు. 1942 జూన్‌లో తీవ్రంగా గాయపడి జర్మన్లకు చిక్కాడు.

అప్పటికి జర్మన్లు తాతార్ తదితర ఖైదీలను కూడగట్టి, సోవియట్ సైన్యంపైనే పోరాడే దళాలను తయారుచేస్తున్నారు. జలీల్ ఆ దళాల సాంస్కృతిక కార్యక్రమాలలో పనికి ఒప్పుకున్నాడు. పైకి అది శత్రువు కొలువు. లోపల అతడు ఒక రహస్య బృందంతో కలిసి ఖైదీలను తిరుగుబాటుకు సిద్ధం చేశాడు. 1943 ఫిబ్రవరిలో తూర్పు రంగానికి పంపిన మొదటి తాతార్ దళంలో ఎక్కువమంది తిరగబడి బెలారుస్ గెరిల్లాలలో కలిసిపోయారు. ఆగస్టులో జలీల్‌ను నిర్బంధించారు. 1944 ఆగస్టు 25న బెర్లిన్‌లోని ప్లోట్‌జెన్‌సే జైలులో అతనికి, మరో పదిమంది సహచరులకు గిలటిన్‌పై మరణశిక్ష అమలుచేశారు. అప్పటికి అతని వయస్సు 38 ఏళ్లు.

నోటుపుస్తకాల ప్రయాణం

బెర్లిన్‌లోని మోఆబిట్ జైలులో జలీల్ కవితలను అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకాలలో రాసుకున్నాడు. మనకు దక్కినవి రెండు. ఒకటి అరబీ లిపిలో, మరొకటి లాటిన్ లిపిలో ఉన్నాయి. ఒకదాన్ని తోటి ఖైదీలు దాచగా, అది 1946లో కజాన్ చేరింది. రెండోదాన్ని అతనితో ఒకే గదిలో ఉన్న బెల్జియం దేశస్థుడు ఆంద్రే టిమ్మర్మాన్స్ కాపాడి, సోవియట్ అధికారులకు అందేలా చేశాడు.

స్వదేశం మాత్రం అతణ్ణి అనుమానించింది. 1946లో దేశద్రోహం కేసు పెట్టింది. స్టాలిన్ మరణించిన 1953లోనే కాన్‌స్టాంటిన్ సీమనోవ్ చొరవతో ఈ కవితలు రష్యన్ అనువాదంలో వెలువడ్డాయి. 1956లో ‘సోవియట్ యూనియన్ వీరుడు’ బిరుదు, 1957లో లెనిన్ బహుమతి మరణానంతరం లభించాయి.

విమర్శ

ఈ చరిత్ర వల్ల పాఠకులు కవితలను మొదట సాక్ష్యాలుగా చదివారు. అతను ద్రోహి కాడని అవి చెప్పాయి. అయితే సాక్ష్యంగా నిలిచిన ప్రతి పద్యమూ మంచి కవిత్వం కానక్కరలేదు. ప్రతిజ్ఞ ఎవరైనా రాయగలరు. దాన్ని నమ్మించేది అనుభవ చిత్రణ.

‘బర్బరత్వం’ అనే కవితను చూడండి. తల్లులను, పిల్లలను గొయ్యి ముందు నిలబెట్టి చంపే సంఘటన అందులోని వస్తువు. భయపడిన పిల్లవాడు తల్లితో మాట్లాడతాడు, తల్లి అతణ్ణి ఓదారుస్తుంది. ఆ సంభాషణ దగ్గర శత్రువుపై తిట్లు అవసరం లేదు. కవి స్వయంగా గొంతెత్తి నిందించే చోట్ల ఆవేశం పెరుగుతుంది కాని, దృశ్యపు పట్టు కొంత సడలుతుంది. కవితకు బలం తల్లి మాటలోనే ఉంది.

మరో అంశం. ఈ నోటుపుస్తకాలలో ప్రేమకవితలు, హాస్యకవితలు కూడా ఉన్నాయి. వీరుని విగ్రహం కోరుకునేవారు వీటిని పక్కన పెడతారు. నిజానికి జలీల్‌ను అర్థం చేసుకోవడానికి ఇవే ముఖ్యం. మరణాన్ని ఎదురుగా పెట్టుకొని కూడా నవ్వించగల మనిషిని జైలు పూర్తిగా లొంగదీయలేదు. ‘నా పాటలు’ కవితలో అతను తన జీవితాన్ని, మరణాన్ని ప్రజలకు అంకితం చేస్తాడు. ఆ మాట బరువెక్కడానికి పక్కనున్న చిలిపి కవితలు కూడా కారణమే. పోగొట్టుకోబోయే జీవితం ఎంత తీయనిదో అవి చూపిస్తాయి.

సారాంశం

జలీల్ మరణం అతని కవిత్వానికి పాఠకులను తెచ్చింది. ఆ పాఠకులను నిలబెట్టింది మాత్రం మరణం కాదు, బతుకు మీద ఆ కవితలలో కనిపించే ఇష్టం.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

కవి వీరమరణం గురించి తెలియని పాఠకునికి ‘బర్బరత్వం’ ఎలా అనిపిస్తుంది? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.