భైరిడేగ రెక్కలు ముడిచి గీయండి

డేగ బొమ్మ గీయమంటే చాలు, మనవాళ్లు రెక్కలు బార్లా చాపేస్తారు. వెనక నాలుగు గీతలు లాగి ఇదే వేగమంటారు! నాకది నచ్చదండీ. చాపిన రెక్కలు తేలడానికి. భైరిడేగ గంటకు 300 కిలోమీటర్లు మించి దూకేది రెక్కలు ఒంటికి ముడిచి, నీటిబొట్టులా మారినప్పుడే. మన షాహీన్‌కైతే వీపు పలక రంగు, పొట్ట ఇటుక రంగు, బుగ్గమీద నల్లమీసం.

మరి కాలికింద? దాని గూడు కొండచరియల్లో. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ వెలిశాక చుట్టూ ఎన్ని బండలు పగిలాయో! అద్దాలమేడమీద డేగను నిలిపితే బొమ్మ సోకుగానే ఉంటుంది. రాతిమీద నిలిపితేనే దాని బతుకు తెలుస్తుంది. పిల్లలకు రబ్బరిచ్చి, ముందా నాలుగు గీతలు చెరిపేయమనండి.