దీపం పక్కన దీపం

పెంకుటింట్లో రాత్రి సీను. పెద్దావిడ దేవుడి గూటి ముందు కూర్చుని ప్రమిదలో వత్తి వెలిగించాలి. మామూలు కంటికి ఆ దీపం చాలు. మానిటర్‌లో చూస్తే వత్తి ఒక్కటే తెల్లగా మెరుస్తోంది, ఆవిడ ముఖం చీకట్లో కలిసిపోయింది. మా లైట్‌మన్ చొక్కా జేబులోంచి అరచేతిలో ఇమిడే ఎల్ఈడీ లైటు తీశాడు. "అమ్మా, కొంచెం ముందుకు జరగండి" అంటూ దాన్ని గూట్లో ఇత్తడి చెంబు వెనక పెట్టాడు. దీపం రంగు దాదాపు 1900 కెల్విన్, ఆ లైటు 3200 కంటే కిందకి దిగదు. అందుకని మీద నారింజ జిలెటిన్ ముక్క అంటించి, వెలుగు బాగా తగ్గించాడు. ఆవిడ నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటే పైకి తేలాయి. చూసేవాళ్లకి ఆ వెలుగంతా ప్రమిదదే.

చిన్న లైటును దగ్గరగా పెట్టొచ్చు. నన్నడిగితే దాని విలువంతా అక్కడే ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ముఖానికి అరమీటరు దూరంలో లైటుండి, వెనక గోడ ఆ లైటుకి రెండు మీటర్ల దూరంలో ఉంటే, గోడ మీద పడేది ముఖం మీద పడేదాంట్లో పదహారో వంతే. ముఖం వెలుగుతుంది, గది చీకటి గదిలాగే ఉంటుంది. జనరేటర్ వ్యాన్ తెచ్చి, కిటికీ బయట పెద్ద లైటు నిలబెడితే ముఖానికీ గోడకీ మధ్య ఇంత తేడా తీసుకురావడం చాలా కష్టం.

చిన్న లైటు నేరుగా కొడితే నీడ కత్తిలా పడుతుంది. బటర్ పేపర్ అడ్డం పెట్టాలి, లేదా తెల్లగోడ మీదకో థర్మోకోల్ మీదకో తిప్పి కొట్టాలి. ఈ తిప్పికొట్టే విద్య మనకి కొత్తది కాదు. 1956లో వచ్చిన 'అపరాజితో' సినిమా కోసం కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. అసలు లోగిళ్లలోకి ఆకాశం వెలుగు నీడ లేకుండా దిగుతుంది. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా సెట్ పైన తెల్లబట్ట పరిచి, కింది నుంచి లైట్లు దాని మీదకి కొట్టి ఆ వెలుగు తెచ్చాడు. జేబులైటు చేతికొచ్చిన ప్రతి కుర్రాడూ ఆ లోగిలిని ఒకసారి చూడాలని నా కోరిక.

ఇక రంగు. తెల్ల ఎల్ఈడీలో సాధారణంగా ఉండేది నీలి చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలి ఎల్ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014 నోబెల్ ఇచ్చారు. నాసిరకం లైట్లలో ఎరుపు తక్కువ. మన చామనఛాయకి ప్రాణం ఎరుపు. అది తగ్గితే మనిషి జబ్బుపడి లేచినట్టుంటాడు. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పడానికి పెట్టె మీద రాసే సీఆర్ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, చిక్కటి ఎరుపు ఆ లెక్కలోకి రాదు. నేను కుంకుమ భరిణె తీసుకెళ్తాను. ఎండలో చూసిన కుంకుమ లైటు కింద ఇటుకపొడిలా కనిపిస్తే ఆ లైటు వద్దు.

వెలుగు తగ్గించినప్పుడు కొన్ని లైట్లు కంటికి తెలియకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఒకసారి అద్దెకి తెచ్చిన లైట్లతో తీసిన సీనంతా చారలు పడి పోయింది. అప్పటినుంచి అదే వెలుగులో, అదే షట్టర్‌తో ఒక నిమిషం తీసి చూడందే నటుల్ని పిలవను.

బండి లోపలి సీన్లకి ఈ లైట్లు వరం. 2004లో వచ్చిన 'కొలాటరల్' సినిమా తీసినప్పుడు టాక్సీ లోపల వెలిగే పలచని షీట్లు అంటించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆటోలో మీటర్ వెనక ఇనప చట్రానికి అయస్కాంతంతో లైటు అతుక్కుపోతుంది. ఆటో ఆగే ఉంటుంది, ఇద్దరు వెనక నుంచి మెల్లగా ఊపుతారు. మూడోవాడు ఇంకో లైటు పట్టుకుని డ్రైవర్ కుడి చెంప పక్క నుంచి వెనక సీటు దాకా ఒకే వేగంతో నడుస్తాడు. తెరమీద ఎదురుగా లారీ వచ్చి దాటిపోతుంది.